పేరు అడిగిన పెట్టె

ఉల్కాన్ వేలిని ఫోను గుర్తుపట్టదు. ఆ సంగతి ఆవిడే అందరికీ నవ్వుతూ చెప్పుకునేది. కాపురానికి వచ్చిన నాటి నుంచి గుర్రాల పాలు పిండీ పిండీ, ఉన్ని ఉతికీ ఉతికీ ఆ వేళ్ల చివర చర్మం మొద్దుబారిపోయింది. గాజు మీద ఎంత రుద్దినా దానికి చీమ కుట్టినట్టయినా ఉండదు. కోడలు జిపార్ మాత్రం ఆ మాటకు నవ్వలేకపోయేది. మనిషి ఎక్కడ వేలు పెడితే యంత్రం ఏం చేయాలో, ఏం పలకాలో ఆలోచించి గీసి ఇవ్వడమే ఆమె ఉద్యోగం. నారిన్ పట్టణంలో బేకరీ మీద మేడలో ఉన్న చిన్న ఆఫీసులో ఆ పని చేసేది. సొంత ఇంట్లో అత్తగారి వేలికే పనికిరాని గాజు గురించి అక్కడ రోజంతా మాట్లాడుకోవడం ఆమెకు సిగ్గుగా ఉండేది.

కిందటి వేసవిలో ఆ సిగ్గు కాస్తా బెంగగా మారింది. అందరూ మందలు తోలుకుని కోక్-బెల్ పచ్చిక మీదికి ఎక్కి, ఉన్ని గుడారాలు వేసుకున్న రోజులవి. పక్క గుడారం బత్మా మొగుడు గుర్రం మీంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. మగవాళ్లందరూ మందల వెంట ఉన్నారు. చేతికందిన ఫోను ఒక్కటే, అది ఉల్కాన్ చేతిలో ఉంది. ఆవిడ వేలు తడి చేసుకుంది, తలగుడ్డ చెంగుతో గాజు తుడిచింది, ఆఖరికి ముక్కుతో నొక్కింది. ముక్కుకు ఫోను మేలుకుంది గానీ, మేలుకున్నాక ఆ బొమ్మల వరసలో ఏది నొక్కాలో అర్థం కాలేదు. ఎవరో గుర్రమెక్కి కిందికి పోయి కబురు చెప్పేసరికి పొద్దు వాలిపోయింది. మనిషి బతికాడు. నడకే ఈనాటికీ తిన్నగా లేదు.

ఆ చలికాలమంతా జిపార్ సగం నిద్రలో ఉన్నట్టే తిరిగింది. ఆఫీసు కిటికీ దగ్గర నిలబడి, నది మీద మంచు పడుతుంటే చూస్తూ, గాజు లేని యంత్రాన్ని ఊహించుకునేది. బొమ్మలుండవు, అక్షరాలుండవు, వేలితో పనే లేదు. గుడారంలో ఒక మూల పెట్టె ఉంటుంది. మూత ఎత్తితే చాలు, పక్కింటి మనిషిలా పలకరిస్తుంది, చెప్పింది వింటుంది, కింద ఆస్పత్రిలో వైద్యుడికి కలుపుతుంది. కిందినుంచి బ్రెడ్డు కాలుతున్న వాసన వస్తుంటే ఆ పెట్టె ఆమెకు ఎదురుగా ఉన్నంత స్పష్టంగా కనిపించేది. ఎవరైనా పిలిస్తే ఉలిక్కిపడేది.

యంత్రాలు చేసేవాళ్లలో చాలామందికి ఒక జబ్బుంటుంది. తమకు తెలిసిందంతా లోకానికి తెలిసే ఉంటుందనుకుంటారు. జిపార్‌కి ఆ జబ్బు లేదు. ఆమెకున్న జబ్బు వేరు, అది ఆమెకే తెలియదు.

మొత్తానికి పెట్టె తయారైంది. దానికి ఒళ్లు చేసిపెట్టింది మామగారు బేషెన్. ఆయన జీనులు చేసే మనిషి. బర్చ్ చెట్టు చెక్క చిత్రిక పట్టి, అంచులు గుండ్రం తీసి, మూతకు లోపల ఉన్ని అంటించి, పెద్ద రొట్టెంత పెట్టె చేశాడు. దాని గొంతు జిపార్‌దే. ఆఫీసులో ఎన్ని గొంతులు వినిపించినా ఆమెకు నచ్చలేదు. కొండమీద మసిలే ఆడవాళ్లకు తెలిసిన గొంతైతే బెదరరని, తనే కూర్చుని ఒక్కో మాటా నెమ్మదిగా చెప్పి పెట్టెలోకి ఎక్కించింది. మూత ఎత్తగానే అది అనే మాటలు ఇవి: "నేను వింటున్నాను. ఎవరికి బాగోలేదు? పేరు చెప్పండి." పేరు చెప్తే కింద ఆస్పత్రిలో ఆ మనిషి పాత జబ్బుల వివరాలు తెరుచుకుంటాయి, వైద్యుడు లైనులోకి వస్తాడు. ఇంతకంటే సులువు ఇంకేముంటుందని ఆమె మురిసిపోయింది.

బేషెన్ మూత ఎత్తి దించి, ఎత్తి దించి, ఆ గొంతు విని మీసాల్లో నవ్వుకున్నాడు.

"అంతా బాగానే ఉంది గానీ అమ్మాయ్, ఇదేంటి, ఎక్కబోయే ముందు పేరడుగుతోంది? నా గుర్రాలేవీ ఎప్పుడూ అడగలేదే."

జిపార్ తల వంచుకుని నవ్వింది. మామగారి ఎదుట ఆమె నవ్వు అంతవరకే.

ఆఫీసు పెద్ద తిలెక్ బిష్కెక్ నుంచి వచ్చినవాడు. మంచివాడే గానీ తొందర మనిషి. కోక్-బెల్ మీద గుడారానికొక పెట్టె చొప్పున ఈ వేసవికి ఇద్దామని, గుడారాలు విప్పే వేళకు ఆడవాళ్లకు అది అలవాటు కాకపోతే పెట్టెలన్నీ వెనక్కి తెచ్చి ఆ పని కట్టిపెట్టేద్దామని తేల్చి చెప్పాడు. ఆ మాట జిపార్ గుండెలో ములుకులా దిగింది. ఆ వేసవికి ఆఫీసు వదిలి తనూ అత్తమామలతో పచ్చిక మీదికి ఎక్కింది.

పచ్చిక మీద పగళ్లు ఎటు పోతాయో తెలియదు. తోలుతిత్తిలో గుర్రప్పాలు చిలుకుతున్న చప్పుడు ఒక గుడారంలో ఆగితే ఇంకో గుడారంలో మొదలవుతుంది. మబ్బు నడుచుకుంటూ వచ్చి గుమ్మంలోంచి తొంగి చూసి పోతుంది. ఆ పాలు పులిస్తే అయ్యే కుమిస్ ఒక గిన్నెడు తాగి కూర్చుంటే, దూరంగా పిల్లగుర్రం పిలిచిందా, తనకే కల వచ్చిందా చెప్పడం కష్టం. అలాంటి మధ్యాహ్నాల్లో జిపార్‌కి ఏదో గుడారంలోంచి తన గొంతే వినిపించేది. "నేను వింటున్నాను. ఎవరికి బాగోలేదు?" ఆ తర్వాత మూత పడిన చప్పుడు. అంతే.

అదే చిక్కు. ఆడవాళ్లు పెట్టెను ముద్దు చేశారు. దాని మీద రంగు ఉన్నితో పువ్వులు కుట్టిన గుడ్డలు కప్పారు. వచ్చేపోయేటప్పుడు దూడ తల నిమిరినట్టు నిమిరేవారు. పిల్లల జ్వరాలకు ఒకటి రెండుసార్లు మాట్లాడారు కూడా, చక్కగా పనిచేసింది. మిగతా అన్నిసార్లూ మూత ఎత్తడం, వినడం, దించేయడం. తర్వాత ఎవరో ఒకరు గుర్రమెక్కి కిందికి పరుగు. కింది ఆఫీసులో తిలెక్‌కి కూడా ఇవన్నీ తెలుస్తూనే ఉన్నాయి. కొండవాళ్లకు యంత్రమంటే భయమని, నవ్వే ముఖం ఒకటి పెడితే బాగుంటుందేమోనని కబురు పంపాడు. పెట్టెకు ముఖమెందుకని జిపార్‌కి ఒళ్లు మండింది.

ఆమె గుడారం గుడారం తిరిగి అడిగింది. ఒకావిడ గొంతు పట్టేసిందంది. ఒకావిడ, పెట్టె నిద్రలో ఉన్నట్టుంటే లేపడం ఎందుకనుకుందట. బత్మా మొగుడికి తుంటి నొప్పి తిరగబెట్టిందని, ఆవిడ మూత ఎత్తి మరీ దించేసిందని తెలిసి జిపార్ ఆవిడ పక్కనే కూర్చుంది.

"నిజం చెప్పు వదినా. ఎందుకు మూసేశావు?"

బత్మా పిండి పిసుకుతూ పక్కకు తిరిగి నవ్వింది. "ఏమో, అది మరీ నిలదీసినట్టు అడుగుతుంది తల్లీ. నాకు చెమటలు పట్టేశాయి."

అయ్యో, గొంతు గట్టిగా ఉందన్నమాట అనుకుంది జిపార్. ఆ రోజే కూర్చుని అవే మాటలు ఇంకా మెత్తగా, ఇంకా నెమ్మదిగా చెప్పి మళ్లీ పెట్టెల్లోకి ఎక్కించింది. పెట్టె ఇప్పుడు జోలపాడినట్టు అడుగుతోంది. మూతలు మాత్రం మునుపటి కంటే తొందరగా పడుతున్నాయి. బత్మా ఏం చెప్పిందో ఆ పచ్చిక మీద ఏ ఆడదానికైనా చెప్పకుండానే తెలుసు. జిపార్‌కీ తెలుసు. తెలుసని తనకే తెలియదు, అదీ ఆమె జబ్బు.

వేసవి వెనక్కి తిరిగే రోజుల్లో, ఒక మధ్యాహ్నం మబ్బు బాగా కిందికి దిగింది. గుడారాలు ఒకదానికొకటి కనిపించడం లేదు. జిపార్ మొగుడు ఎర్మెక్, మిగతా మగవాళ్లు మందలను అవతలి లోయకు తోలుకెళ్లారు. బేషెన్ గుమ్మం ముందు కూర్చుని జీను చెక్కకు చిత్రిక పడుతున్నాడు. లోపల ఉల్కాన్ తిత్తి చిలుకుతోంది. చిత్రిక చప్పుడూ చిలికే చప్పుడూ ఒకదాని వెంట ఒకటి వస్తుంటే జిపార్‌కి కళ్లు మూతలు పడుతున్నాయి. అలా జోగుతుండగా ఒక చప్పుడు ఆగిపోయింది. రెండోది ఇంకాసేపు నడిచి అదీ ఆగింది.

"మన పెద్దాయన ఏంటి, పలకడం లేదు," అంది ఉల్కాన్.

బేషెన్ చెక్కపొట్టులో పక్కకు ఒరిగి ఉన్నాడు. ముఖం బూడిదరంగుకు తిరిగింది, చెమటలు కారుతున్నాయి, చెయ్యి ఛాతీ మీద ఉంది. కళ్లు తెరిచే ఉన్నా చూపు వాళ్లను దాటి మబ్బులోకి పోతోంది. ఇద్దరూ ఆయన్ని ఎత్తి లోపలికి తెచ్చి దిండ్లకు ఆనించి కూర్చోబెట్టారు. జిపార్ పెట్టె లాక్కుని మూత ఎత్తింది.

"నేను వింటున్నాను," అంది జిపార్ గొంతు, ఎంతో మెత్తగా. "ఎవరికి బాగోలేదు? పేరు చెప్పండి."

"మామయ్యకి," అంది జిపార్.

"పేరు చెప్పండి."

"మా మామయ్యకి. మా ఆయన వాళ్ల నాన్నకి. గుండెలో నొప్పి."

"అర్థం కాలేదు. పేరు చెప్పండి."

అప్పుడు తెలిసింది జిపార్‌కి. తన నోరు తెరిచే ఉంది, ఆ పేరు మాత్రం రావడం లేదు. ఈ ఇంట్లో కాలుపెట్టిన రోజున తలగుడ్డ కట్టి, వంగి దణ్ణం పెట్టించి, ఇకనుంచి ఈ పేర్లు నీ నోటికి రాకూడదని ఆడవాళ్లు చెవిలో చెప్పారు. మొగుడిది, మామగారిది, ఆయన అన్నలది, మొగుడి అన్నలది. పట్నంలో చదువుకుంది, ఉద్యోగం చేస్తోంది, ఇలాంటివి పట్టించుకోననే అనుకుంది. పట్టించుకోలేదు కూడా. ఒక్కసారి కూడా పలకకుండా, పలకడం లేదని గమనించకుండా ఇన్నేళ్లు గడిపేసింది. ఆఫీసులో పెట్టెను పరీక్షించినప్పుడు తన పేరు చెప్పింది, పుట్టింటివాళ్ల పేర్లు చెప్పింది, తోటి ఉద్యోగులందరి పేర్లూ చెప్పింది. ఈ పేర్లలో ఒక్కటీ చెప్పలేదు. బత్మా చెమటలు, గొంతు పట్టేసిన ఆవిడ, పడిపోయిన మూతలు, అన్నీ ఒక్కసారిగా కళ్లముందు తిరిగాయి. మనిషికి సహజంగా ఉండాలని ఏడాదిపాటు చెక్కింది ఈ పెట్టెను. కొండమీది ఆడదానికి దేన్ని మించి కష్టం లేదో దాన్నే మొదటి ప్రశ్నగా పెట్టింది.

వేరే ఏ పేరు చెప్పినా లైను కలుస్తుందన్నది ఆ క్షణంలో తోచలేదు. తోచినా ఏం లాభం, వైద్యుడి ముందు ఇంకెవరి జబ్బులో తెరుచుకునేవి. ఆమె అత్తగారి వైపు చూసింది. ఉల్కాన్ అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. ఆవిడ ఆ పేరును జిపార్ కంటే ఎన్నో ఏళ్లు ఎక్కువగా దాచుకున్న మనిషి. ఇద్దరి మధ్య ఆయన పెదవులు కదిలాయి. తన పేరు తనే చెప్పుకోబోయినట్టున్నాడు. ఊపిరి తప్ప బయటికి ఏమీ రాలేదు.

"పేరు చెప్పండి," అని పెట్టె మళ్లీ అడిగింది. ఇప్పుడూ చెప్పకపోతే ఇక అడగదు, ఆగిపోతుంది. అలా చేసింది జిపారే.

"బేషెన్," అంది జిపార్. సరిగా పడలేదేమోనని భయమేసి గొంతెత్తి మళ్లీ పిలిచింది. "బేషెన్! బేషెన్!"

నలుగురిలో తలగుడ్డ జారిపోయినట్టు ఒళ్లంతా వేడెక్కింది. పెట్టె మాత్రం ఏమీ ఎరగనట్టు "బేషెన్. విన్నాను" అంది. వెంటనే ఒక మగగొంతు లైనులోకి వచ్చింది. పాత గుండెజబ్బు సంగతి ఆ వైద్యుడికి అప్పుడే తెరుచుకుంది. గుడారంలో ఉన్న మాత్రల్లో ఏది ఇవ్వాలో, ఎలా నమిలించాలో, ఎలా కూర్చోబెట్టాలో అతను నింపాదిగా చెప్పాడు. కిందినుంచి బండి బయలుదేరిందని, అది వచ్చేదాకా లైనులోనే ఉంటానని అన్నాడు. మబ్బులోంచి బండి దీపాలు కనిపించేదాకా ఉల్కాన్ ఆయన పాదాలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కోడలి ముఖంలోకి మాత్రం చూడలేదు.

బేషెన్ బతికాడు. నారిన్ ఆస్పత్రిలో మంచమ్మీద లేచి కూర్చుని, సూపులో నూడుల్స్ మరీ పల్చగా ఉన్నాయని సణిగేంతగా కోలుకున్నాడు. జిపార్ మొదటిసారి చూడటానికి వెళ్లినప్పుడు గుమ్మంలోనే వంగి దణ్ణం పెట్టి అక్కడే నిలబడిపోయింది. ఆయనకు అంతా తెలిసే ఉంటుందని, తనకు ఏ శిక్ష వేసినా సరేనని అనుకుంది. ఉల్కాన్ కిటికీ దగ్గర కూర్చుని బయటికి చూస్తోంది.

"ఆ రోజు నన్ను ఎవరో పిలిచారు," అన్నాడు బేషెన్.

జిపార్ తలగుడ్డ ముందుకు లాక్కుంది.

"నేను గడ్డిలో నడిచిపోతున్నాను. నొప్పి లేదు, బరువు లేదు. బాగుంది. పోతూ ఉంటే వెనకనుంచి ఒక ఆడగొంతు నా పేరు పెట్టి పిలిచింది. అమ్మ అనుకున్నాను. చిన్నప్పుడు పొద్దుగూకే వేళ గుడారం బయట నిలబడి అలాగే పిలిచేది. అన్నం వేళయింది, ఎక్కడ తిరుగుతున్నావురా అన్నట్టు. అమ్మ పోయాక ఒక్క ఆడదాని నోట నా పేరు వినలేదు. అలాంటి పిలుపు ఒకటి ఉంటుందని కూడా మర్చిపోయాను. అందుకే వెనక్కి తిరిగాను."

గొంతు సవరించుకుని, "మళ్లీ పిలవకులే అమ్మాయ్. నీ వదినలకు తెలిస్తే తల తినేస్తారు," అన్నాడు.

జిపార్ ఏడ్చేసింది. ఉల్కాన్ కిటికీ వైపే చూస్తూ ఉంది.

తర్వాత ఆఫీసులో జిపార్ ఉన్నదున్నట్టు చెప్పింది. ముఖమూ వద్దు, మెత్తటి గొంతూ వద్దు, మన ప్రశ్నే తప్పు అంది. తిలెక్‌కి ముందు తలకెక్కలేదు. ఈ రోజుల్లో కూడా పేరు చెప్పడానికి అంత ఇదేంటని నవ్వాడు. మీ అమ్మగారు మీ నాన్నగారిని ఏమని పిలిచేవారని ఆమె అడిగింది. అతను చెప్పబోయి, నోరు తెరిచి, ఆగిపోయాడు. చాలాసేపు గుర్తుచేసుకున్నాక "ఏమండీ వినబడిందా అనేది," అన్నాడు. ఆ తర్వాత పెట్టెలు కట్టిపెట్టే మాట ఎత్తలేదు.

కొత్త పెట్టె జబ్బు మనిషి పేరు అడగదు. "నేను వింటున్నాను. మీరెవరు? బాగోలేని మనిషి మీకేమవుతారు?" అంటుంది. చెప్పే మనిషి తన పేరు చెప్పుకుని, మామగారనో, ఇంటాయననో, పెద్ద బావగారనో అంటే చాలు, మిగతాది పెట్టె చూసుకుంటుంది. గుడారాలు విప్పే ముందు బత్మా మొగుడి తుంటి కోసం వైద్యుడితో మాట్లాడి, పనిలో పనిగా తన మోకాలి నొప్పి, మొగుడి పిసినారితనం కూడా ఏకరువు పెట్టిందట. వచ్చే వేసవికి ఇంకో రెండు పచ్చికల వాళ్లు మాకూ కావాలని అడిగి పంపారు. జిపార్ పని నిలబడింది.

పాత పెట్టెలన్నిట్లోనూ ప్రశ్న మార్చేశారు, ఒక్కదాంట్లో తప్ప. బేషెన్ గుడారంలో ఉన్న పెట్టెను ఉల్కాన్ ఇవ్వనంది. కారణం చెప్పలేదు. చెక్క బాగుంది, సూదులూ దారాలూ పెట్టుకుంటానంది. జిపార్ దానికి ఆస్పత్రి లైను తీసేసి అత్తగారికే వదిలేసింది.

మంచు మొదలయ్యే రోజుల్లో అందరూ కింది ఊళ్లోని ఇంటికి దిగారు. బేషెన్‌కి బరువులెత్తే పని వద్దన్నారు. ఆయన వసారాలో ఎండకు కూర్చుని, ఆ రోజు సగంలో ఆగిన జీను చెక్కకే మెల్లమెల్లగా చిత్రిక పడుతున్నాడు. జిపార్ వంటింట్లో రొట్టెల పిండి పిసుకుతోంది. పొయ్యి వేడికీ, ఆ చిత్రిక చప్పుడుకీ మళ్లీ పచ్చిక మీద ఉన్నట్టే మత్తుగా ఉంది. అంతలో పక్కగదిలోంచి తన గొంతు తనకే వినిపించింది.

"నేను వింటున్నాను. ఎవరికి బాగోలేదు? పేరు చెప్పండి."

కలేమో అనుకుంది. పిండి చేతులతోనే తలుపు దాకా వెళ్లింది. ఉల్కాన్ అటు తిరిగి నేల మీద కూర్చుని ఉంది. పెట్టె ఒళ్లో ఉంది, మూత తెరిచి ఉంది.

"పేరు చెప్పండి," అంది పెట్టె మళ్లీ.

ఉల్కాన్ పెట్టె మీదికి వంగింది. తలగుడ్డ చెంగు నోటి మీదికి లాక్కుంది, మళ్లీ తీసేసింది.

"బేషెన్," అంది.

ఆ గొంతు జిపార్ ఎప్పుడూ వినలేదు. కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల గొంతది.

"బేషెన్. విన్నాను," అంది పెట్టె.

బయట వసారాలో చిత్రిక చప్పుడు ఆగింది. జిపార్ భయపడి అటు చూసింది. బేషెన్ పనిముట్టు చేతిలో పట్టుకుని, లోపలి గోడ వైపు చెవి పెట్టి, కదలకుండా కూర్చుని ఉన్నాడు. మామగారి ముఖంలోకి తిన్నగా చూడకూడదు కాబట్టి జిపార్ తల తిప్పుకుని వంటింట్లోకి వచ్చేసింది. గదిలో మూత పడలేదు. పెట్టె మళ్లీ పేరు అడిగింది, ఉల్కాన్ మళ్లీ చెప్పింది.